జేబులో చెయ్యి

మా సినిమాలో చూసినవాళ్లందరూ మెచ్చుకున్న షాట్ ఒకటుంది. బడి వెనక నీళ్ల ట్యాంకు గట్టు మీద ఒక కుర్రాడు ఒక్కడే కూర్చుని అన్నం తింటుంటాడు. నిమిషం నలభై సెకన్లు, కట్ లేదు. కుడిచేత్తో తింటాడు, ఎడమచెయ్యి మాత్రం ప్యాంటు జేబులోంచి బయటికి తీయడు. ఆ షాట్ ఎలా తీశారని అడిగిన ప్రతిచోటా నేను అబద్ధమే చెప్పాను. నిజం చెప్పాలంటే చాలా ముందు నుంచి రావాలి.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో, సముద్రం ఒడ్డున. మా వైపు మగవాళ్లు ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి బోట్ల మీద పనిచేసి, వేసవికి తిరిగొస్తారు. మా నాన్న అక్కడ తండేలు, అంటే బోటుకి పెద్ద. ఎక్కువమంది ఇంటివాళ్లని ఊళ్లోనే వదిలి వెళ్తారు గానీ మా నాన్న మమ్మల్నీ తీసుకుపోయాడు. అందుకని ఆరో తరగతి వరకు నా చదువు గుజరాతీలోనే సాగింది. 2001 జనవరి భూకంపం తర్వాత అమ్మ ఇక అక్కడ ఉండనని మొండికేసింది. జూన్‌కల్లా మా ఊరి దగ్గర హైస్కూల్లో ఏడో తరగతి బెంచీ మీద ఉన్నాను. తెలుగు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. గుజరాతీలో ఒకటి అంకె చూడ్డానికి మన తొమ్మిదిలా ఉంటుంది. నోట్సులో తేదీ 11 అని నాకు వచ్చిన తీరులో వేస్తే, మాస్టారు దాన్ని 99 అని చదివి క్లాసంతటికీ ఎత్తి చూపించారు. పదో తరగతి అయ్యేదాకా నా పేరు తొంభైతొమ్మిదే. ఇప్పటికీ ఊళ్లో ఒకరిద్దరు అలాగే పిలుస్తారు.

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎనిమిదేళ్లు అసిస్టెంటుగా, తర్వాత కో-డైరెక్టరుగా పనిచేశాను. లాక్‌డౌన్‌లో పని లేక ఇంటికొచ్చినప్పుడు ఈ కథ రాసుకున్నాను. 2019లో జరిగే కథ. వెరావల్ నుంచి తిరిగొచ్చిన సింహాద్రి అనే కుర్రాడు ఎనిమిదో తరగతిలో చేరతాడు. మిగతా పిల్లలు వాడికి పెట్టిన పేరు పాకిస్తాన్. ఎందుకంటే 2018 చివర్లో మా వైపు మత్స్యకారులు వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. ఆ నడుమ ఏడాది పైచిలుకు మా ఊళ్లలో రోజూ అదే మాట. పిల్లలకి అలాంటి పేరు దొరకడం ఎంతసేపు? ఆ సంఘటన మీద తర్వాత పెద్ద హీరోతో పెద్ద సినిమానే వచ్చింది. మాది దాని గురించి కాదు. వెనక బెంచీలో కూర్చుని ఎవరితోనూ కలవలేని ఒక కుర్రాడి గురించి, అంతే.

ఇద్దరు ముగ్గురు నిర్మాతలకి కథ చెప్పాను. ఒకాయన ఓపిగ్గా విని, "చివర్లో స్టేట్ ఫస్టు వస్తాడా?" అన్నారు. రాడండీ, లెక్కల్లో ముప్పయ్యారు వస్తాయి, అన్నాను. టీ ఇప్పించి పంపేశారు. ఆయన్ని తప్పుపట్టను. చివరికి నా దగ్గరున్న ఏడు లక్షలు, అమ్మ చీటీ పాడి తెచ్చిన రెండు లక్షలు, స్నేహితులు తలా కాస్త వేసి మొత్తం 19 లక్షలు పోగేశాం.

మొదటి చిక్కు బడి దగ్గరే వచ్చింది. 2019 నవంబర్ నుంచి ప్రభుత్వం నాడు–నేడు కింద బడులు బాగుచేయడం మొదలుపెట్టింది. రంగులు, టైల్స్, ఆకుపచ్చ బోర్డులు. మంచిదే. కానీ మాకు అంతకుముందు నాటి బడి కావాలి. పెచ్చులూడిన గోడలు ఉన్నాయా అని మేం ఊరూరా అడుగుతుంటే హెడ్‌మాస్టర్లు మమ్మల్ని ఎగాదిగా చూశారు. ఒకాయనైతే మేం పేపరువాళ్లమనుకుని కుర్చీ కూడా వేయలేదు. ఆఖరికి ఒక బడిలో కొత్త బిల్డింగు వెనక వాడకుండా వదిలేసిన రెండు గదుల పాత బ్లాకు దొరికింది. నల్లబోర్డు కూడా అలాగే ఉంది.

షూటింగ్ మే నెలలో పెట్టుకోవడానికి మూడు కారణాలు. బడికి సెలవులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఊళ్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వెరావల్ వెళ్లినవాళ్లు కూడా అప్పటికే ఒక్కొక్కరే ఇంటికి చేరుతుంటారు. కాబట్టి నటించడానికి మనుషులు, వాళ్ల దగ్గర తీరిక రెండూ దొరుకుతాయి. ఎండ సంగతి మేం ఆలోచించలేదు. అసలు ఆలోచించలేదని కాదు, చూసుకుందాంలే అనుకున్నాం.

పద్నాలుగేళ్లలోపు పిల్లలతో సినిమా తీయాలంటే ఎంత కాగితం ఉంటుందో, పెద్ద సినిమాల్లో ఎనిమిదేళ్లు పనిచేసి కూడా నాకు తెలియదు. అక్కడ ఆ పని వేరేవాళ్లు చూసుకునేవారు. జిల్లా కలెక్టరు అనుమతి కావాలి. ఫారం సి అని ఒక హామీపత్రం, పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం ఇవ్వాలి. రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, అందులోనూ ఏకబిగిన మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి రప్పించకూడదు. ఐదుగురు పిల్లలకి ఒకరు చొప్పున బాధ్యులుండాలి. పిల్లవాడి సంపాదనలో కనీసం 20 శాతం వాడి పేరునే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మా హీరోకి అరవై వేలు అనుకున్నాం, పన్నెండు వేలు అలా వేశాం. పద్నాలుగు నిండనివాళ్లు పదకొండు మంది ఉన్నారు గనుక ముగ్గురు బాధ్యులు. వాళ్లలో ఒకావిడ రిటైరైన టీచరమ్మ. ఆవిడ సంగతి మళ్లీ వస్తుంది.

మొదట్లో ఈ ఐదు గంటల లెక్క చూసి నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత చూస్తే అదే మమ్మల్ని కాపాడింది. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మూడు గంటలు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా రెండు గంటలు. రోహిణి కార్తె ఎండలో మధ్యాహ్నం ఎవరూ పనిచేయాల్సిన అవసరమే రాలేదు. పైగా ఆ రెండు పూటలా వచ్చే వెలుతురు చూసి మా కెమెరామన్ రోజూ ఆకాశానికి దండం పెట్టుకునేవాడు.

హీరో కోసం వంద మందికి పైగా పిల్లల్ని చూశాం. అందరూ ఫోన్లలో రీల్స్ చూసి నేర్చిన డైలాగులే చెప్పారు, కొందరు నిజంగా బాగా చెప్పారు కూడా. దాంతో పద్ధతి మార్చాం. క్లాసు గదిలో ఒక్కడినే కూర్చోబెట్టి, కెమెరా ఆన్ చేసి, రెండు నిమిషాలు ఏమీ చేయకుండా ఉండమన్నాం. చాలామంది అర నిమిషానికే కెమెరా వంక చూసి నవ్వేవారు. ఒకడు మాత్రం కాసేపు కూర్చుని, లేచి, బోర్డు మీద ఏప్రిల్‌లో బడి మూసిన రోజున రాసి వదిలేసిన తేదీ చెరిపి ఆ రోజు తేదీ వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. వాడికి పదమూడేళ్లు. వాడి అసలు పేరు ఇక్కడ రాయను, సింహాద్రి అనే అంటాను. పక్క ఊరి గుంటడు. ఎవరితోనూ మాట్లాడడు. మొదటి ఐదు రోజులు షాటుకీ షాటుకీ మధ్య జనరేటర్ పక్కన ఒక్కడే కూర్చునేవాడు. అంత మోతలో వాడికేం హాయో తెలియదు. మా సౌండ్ అతను, "వీడు నటించక్కర్లేదు, మనం కెమెరా పెడితే చాలు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. వీడు నేనే, అనుకున్నాను. రాత్రి గదికొచ్చి ఆ రోజు తీసింది చూసుకుంటూ కళ్లు తుడుచుకునేవాణ్ని. సొంత కథ తీసేవాళ్లకి ఈ జబ్బు ఉంటుంది.

ఇంతలో మూడో రోజు తెలిసిందేమిటంటే, కెమెరాలో సెట్టింగు సెకనుకి 25 ఫ్రేముల మీద ఉంది. థియేటర్‌కి 24 కావాలి. అప్పటికి రెండు రోజుల షూటింగ్ అలాగే అయిపోయింది. ఎవరిదీ తప్పు కాదు, అంటే నాదే. తర్వాత ఎడిటింగ్‌లో ఆ షాట్లు నాలుగు శాతం నెమ్మది చేసి, గొంతులు సరిచేసి సర్దుకున్నాం. ఐదో రోజు వాన సీను. ట్యాంకరు తెప్పించాం. అది చూసి బిందెలతో ఒకావిడ వచ్చి, "తాగడానికి సుక్క లేక మేమేడుత్తంటే నువ్వు వానాడుకుంటన్నావా బాబూ?" అంది. ట్యాంకరు నీళ్లు వీధి జనానికి పట్టించేసి, స్క్రిప్టులో వాన కొట్టేశాను. జూన్‌లో వాన లేకుండా బడి తెరవడం కూడా మాకు వింతేమీ కాదు.

ఆరో రోజు ఆదివారం, షూటింగ్ లేదు. క్లాసు పిల్లలు ఒడ్డున క్రికెట్ ఆడుతూ ఒక మనిషి తక్కువై సింహాద్రిని పిలిచారు. వాడు లెగ్ స్పిన్ వేస్తాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆరు వికెట్లు తీశాడట. సోమవారం పొద్దున వ్యాను దిగేసరికి వాడి భుజం మీద ఇద్దరి చేతులున్నాయి. వాడు నవ్వుతుంటే పక్కపన్ను ఒకటి వంకరగా ఉందని మొదటిసారి చూశాను.

మానిటర్లో చూస్తే వేరే కుర్రాడు. మెడ నిటారుగా ఉంది. నడకలో ఒక ఊపు. నా దగ్గర ఇంకా ఇరవైకి పైగా సీన్లు మిగిలున్నాయి, అన్నింట్లోనూ వాడు ఒంటరివాడు. దిగులుగా ఉండరా అంటే మొహం వేలాడేస్తాడు, అది మొహం వేలాడేసినట్టే కనిపిస్తుంది. రెండు రోజులు చూశాం. టెన్షన్‌తో నాకు అన్నం దిగలేదు. మా అసిస్టెంట్ డైరెక్టరు పక్కకి తీసుకెళ్లి, "అన్నా, ఒక్క పూట పిల్లలెవరూ వాడితో మాట్లాడొద్దని చెప్తాను" అన్నాడు. నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు. లైటు పోతోంది కానీయండి అని ఎవరినో కేకేసి అక్కణ్నుంచి వెళ్లిపోయాను. ఏదైనా జరగాలనుకున్నప్పుడు దర్శకులు ఇలాగే ఉంటారు, నేను అసిస్టెంటుగా ఉన్నప్పుడు చాలాసార్లు చూశాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి వంటాయన పకోడీ వేసి పెట్టాడు. పిల్లలంతా పళ్లెం చుట్టూ మూగారు. సింహాద్రి దగ్గరికొస్తే ఎవరూ జరగలేదు. వాడు అటూ ఇటూ చూసి మెల్లిగా ట్యాంకు వైపు వెళ్లిపోయాడు. నాకు కడుపులో దేవినట్టయింది. అయినా నా నోటివెంట వచ్చింది ఏమిటంటే, "ప్లేటులో అన్నం పెట్టివ్వండి, కెమెరా పెట్టండి." ఒక్క టేకు. నిమిషం నలభై సెకన్లు వాడు ఎవరి వంకా చూడకుండా తిన్నాడు. ఎడమచెయ్యి జేబులోనే. నేను చెప్పలేదు, వాడంతట వాడే. నాకు ఒళ్లు జలదరించింది. పక్క యాంగిల్లో తీసేటప్పుడు, రెండు షాట్లూ అతకాలి గనుక (దాన్నే కంటిన్యూటీ అంటారు), "చెయ్యి అలాగే ఉంచరా, తీయకు" అని మాత్రం చెప్పాను.

ప్యాకప్ అయ్యాక టీచరమ్మ గారు నన్ను పిలిచారు. గట్టిగా అరవలేదు. "పొద్దుట్నుంచి చూస్తున్నాను. నిన్ను తొంభైతొమ్మిది అన్నారని సినిమా తీస్తున్నావు కదా బాబూ, మరి ఇదేమిటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పిల్లలందర్నీ పిలిచి ఇక చాలని చెప్పాను. తర్వాత వాళ్ల అక్క ముందే వాడికి క్షమాపణ చెప్పాలని వెళ్లాను. వాడు వ్యాను మెట్టు మీద కూర్చుని చెప్పుల్లో ఇసక దులుపుకుంటున్నాడు. విషయం చెప్పాను. వాడు తలెత్తి, "నాకు తెలుసన్నయ్యా. ఆల్లు పొద్దున్నే సెప్పేసినారు" అన్నాడు.

"మరి ట్యాంకు దగ్గర?"

"అది యాక్షను."

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. పిల్లలు మాట ఇచ్చిన ఐదు నిమిషాలకే వాడికి చేరవేశారట. అందరూ కలిసి మా కోసం ఆ పూటంతా నాటకమాడారు. పళ్లెం దగ్గర జరగకపోవడం కూడా వాళ్లు అనుకుని చేసిందే. వాడు బాధపడితే తప్ప బాధ కనిపించదని ఎనిమిదేళ్ల అనుభవమున్న నేను నమ్మాను. పదమూడేళ్లవాడికి అక్కర్లేకపోయింది. రెండు రోజులు మొహం వేలాడేశావెందుకురా అంటే, "దిగులుగా ఉండమన్నావు గాని ఎందుకో సెప్పలేదు గదా" అన్నాడు. నిజమే. నా కథ నాకు తెలుసు గనుక వాడికీ తెలుసనుకున్నాను.

ఆ తర్వాత రోజూ పొద్దున సీను కూర్చోబెట్టి చెప్పేవాణ్ని. ఎందుకు, ఎవరి మీద, నిన్న ఏం జరిగింది. వాడు విని, ఒక ప్రశ్న వేసి, చేసేవాడు. పది రోజుల్లో ఎంత తయారయ్యాడంటే, మొహం దగ్గరగా చూపించే యాభై లెన్సు పెడితే మెడ తిప్పకుండా కళ్లు మాత్రమే తిప్పేవాడు. సీను అయిపోగానే పరుగెత్తుకెళ్లి బంతి అందుకునేవాడు. మొత్తం 24 రోజుల్లో పూర్తిచేశాం.

మిగతాది త్వరగా చెప్తాను. ఇంట్లోనే డావించి రిజాల్వ్‌లో ఎడిటింగ్ చేశాం. సముద్రం హోరు పక్కన తీసిన మాటలు శుభ్రం చేయడానికే నాలుగు నెలలు పట్టింది. థియేటర్లో వేసే డిజిటల్ ప్రింటు, అంటే డీసీపీ, చేయడానికి ల్యాబువాళ్లు చెప్పిన రేటు విని, డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నేనే చేశాను. ల్యాప్‌టాప్ పద్నాలుగు గంటలు ఆపకుండా నడిచింది, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను.

సెన్సారుకి ఈ-సినీప్రమాణ్ పోర్టల్లో దరఖాస్తు పెట్టే ముందు రెండు ముక్కలు మేమే కోసేశాం. ఒకచోట ముసలాయన బీడీ కాలుస్తాడు, ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్ల కోసం సినిమా మొదట్లో, మధ్యలో పొగాకు హెచ్చరికలు వేయాలి, ఆ షాట్ మీద అక్షరాలు పడాలి. ముసలాయనకి బీడీ మాన్పించాం. రెండోదానికి మాత్రం ఇప్పటికీ బాధే. క్లాసు జరుగుతుంటే ఒక మేక తలుపు దగ్గరికొచ్చి, లోపలికి చూసి, పాఠం నచ్చనట్టు వెళ్లిపోతుంది. మేం పెట్టింది కాదు, అదే వచ్చింది. కానీ జంతువులు కనిపిస్తే జంతు సంక్షేమ బోర్డు కాగితం అడుగుతారు. షూటింగ్‌కి ముందే రాసుకోవాల్సింది, మేం రాసుకోలేదు. పోయింది. కమిటీ వాళ్లు ఒక కులం పేరు తిట్టును మ్యూట్ చేయమన్నారు. పాకిస్తాన్ అనే మారుపేరు ఎందుకని అడిగారు, చెప్పాం, ఉంచారు. యూఏ 13+ వచ్చింది. అంటే మా హీరో షూటింగ్ నాటి వయసుకి సరిగ్గా సరిపోయింది.

ఫిల్మ్‌ఫ్రీవే అనే వెబ్‌సైట్ ద్వారా ముప్పయ్యొక్క ఫెస్టివల్స్‌కి పంపాం. చాలావాటికి ప్రవేశ రుసుము ఉంటుంది. అంతా కలిపితే దాదాపు కెమెరా అద్దె అంత అయింది. నాలుగింటికి తీసుకున్నారు. ఒకచోట సినిమా అయ్యాక ఒక పెద్దావిడ లేచి ట్యాంకు షాట్ గురించి మాట్లాడింది. జేబులో దాచుకున్న ఆ చెయ్యి, లోకానికి అందివ్వని చెయ్యి, చదువు వాడి చేతిలోంచి లాక్కున్నది ఏదో ఆ జేబులో ఉంది, అంది. హాల్లో చప్పట్లు. పిల్లవాడితో అలా ఎలా చేయించారని అడిగింది. "మూడు వారాల వర్క్‌షాపు చేశామండి" అన్నాను. వర్క్‌షాపు లేదు, పాడూ లేదు. నిజం చెప్తే నేను చేయబోయిన పని కూడా చెప్పాలి.

2025 మేలో, మళ్లీ వేట నిషేధం రోజుల్లో, ఊళ్లో తుఫాను షెల్టర్‌లో తెల్లగుడ్డ కట్టి సినిమా వేశాం. వెరావల్ నుంచి వచ్చినవాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ వచ్చారు. సింహాద్రి అప్పటికి పదో తరగతి రాసేశాడు. నూనూగు మీసం, గొంతు మారిపోయింది. ముందు వరసలో వాళ్ల క్లాసు జట్టంతా కూర్చుంది.

ట్యాంకు షాట్ వచ్చింది. ఫెస్టివల్‌లో గాలి కూడా ఆగినట్టున్న ఆ నిమిషం నలభై సెకన్లు, ఇక్కడ మొదలవ్వగానే ముందు వరస పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు లేచి నిలబడి, "ఒరే, పకోడీ! జేబులో పకోడీ!" అని అరిచాడు. షెల్టర్ అంతా నవ్వు. నేను ప్రొజెక్టర్ పక్కన నిలబడి సింహాద్రి వంక చూశాను. పళ్లెం దగ్గర జరగనట్టు నటిస్తూనే వీళ్లు వాడి జేబులో ఒక గుప్పెడు వేసేశారన్నమాట. వాడు సిగ్గుపడుతూ నా దగ్గరికొచ్చాడు.

"మరి బయటికి తీసి తినొచ్చు గదరా" అన్నాను.

"తీత్తే సేతికి నూనె కనిపించేత్తాది గదన్నయ్యా. కంటిన్యూటీ పోద్ది."